జనాభా లెక్కల్లో మిషనమ్మ

మా అమ్మమ్మను పెంచింది క్రైస్తవ మిషను వాళ్లని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్లం. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు. "నన్ను పెంచింది మిషనమ్మ" అనేది, అంతే. శ్రీకాకుళం వైపు నుంచి ఖిదిర్‌పూర్ రేవుకు కూలికి వచ్చిన ఆవిడ తల్లిదండ్రులు, ఆవిడకు ఊహ తెలిసీ తెలియకముందే పోయారు. తర్వాత ఎవరో మిషను దొరసాని చేరదీసి ఉంటుందని మిగతా కథ మేమే అల్లుకున్నాం. అమ్మమ్మ కుట్టుపని అంత చక్కగా చేస్తుందంటే అదీ మిషను బళ్లో నేర్పిందే అనుకున్నాం. ఇంకేమైనా అడిగితే ఆవిడ వినపడనట్టు ఊరుకునేది. ఎడమ చెవి నిజంగానే వినపడదు. కుడి పక్కన కూర్చుని అడిగినా, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ చెవి కూడా పనిచేసేది కాదు.

అమ్మమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. పెద్దకర్మ రోజున బంధువుల్లో ఎవరో, "ఈవిడ కన్నతల్లి పేరేటి?" అని అడిగారు. మా అమ్మకు తెలియలేదు. మా పెదమావయ్యకూ తెలియలేదు. అంతమంది మధ్య అమ్మ తల దించుకుని కూర్చోవడం నాకు గుర్తుండిపోయింది. ఆ ఏడాదే నేను వెతకడం మొదలుపెట్టాను. రేవు చుట్టుపక్కల రెండు పాత చర్చీలకు వెళ్లాను. రెండు చోట్లా ఓపిగ్గా పాత రిజిస్టర్లు తిరగేసి చూశారు. మా అమ్మమ్మ జాడ ఎక్కడా లేదు. ఇక దొరకదనుకుని వదిలేశాను.

నేను ఖిదిర్‌పూర్‌లోనే ఒక బెంగాలీ బడిలో భూగోళం చెబుతాను. ఈసారి జనాభా లెక్కల డ్యూటీ మా బడి టీచర్లలో నాకూ పడింది. శిక్షణకు వెళ్లొచ్చిన రోజు స్టాఫ్ రూములో కూర్చుని, ఇన్ని ప్రశ్నలు ఎవరడుగుతారు, ఎవరు చెబుతారు అని విసుక్కుంటున్నాను. అప్పుడే మా పాత హెడ్మాస్టరు గారు వచ్చారు. రిటైరై పదిహేనేళ్లయినా వారానికోసారి బడికి వచ్చి మాతో టీ తాగి వెళ్తారు. అందరం ఆయన్ని మాస్టర్‌మొశాయ్ అంటాం. ఆయన మమ్మల్ని దిదిమొణీ అంటారు, టీచరమ్మ అని.

"మా నాన్నగారూ ఈ బళ్లోనే పంతులు. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి లెక్కల్లో రేవు కూలీల ఇళ్ల వరసలు, ఆ లైన్లన్నీ ఆయనే రాశారు. సర్కారు కాగితాల్లో ఎక్కించే ముందు ఇంటింటికీ చిత్తుగా రాసుకున్న నోటుబుక్కు మా ఇంట్లో ఇంకా ఉంది" అన్నారు ఆయన నవ్వుతూ.

నా విసుగు ఎగిరిపోయింది. ప్రభుత్వం దగ్గరుండే అసలు కాగితాలు మనబోటివాళ్లకు చూపించరని శిక్షణలోనే చెప్పారు. మనుషుల వివరాలు గోప్యం. అలాంటిది, మా వాళ్లున్న లైన్లను ఒక పంతులు తన చేత్తో రాసుకున్న పుస్తకం రెండు వీధుల అవతల ఉందట. అమ్మమ్మ సంగతి చెప్పాను. మాస్టర్‌మొశాయ్ టీ కప్పు పక్కన పెట్టారు.

"నిజానికి అది ఎవరికీ చూపించకూడదు. కానీ మీ ఇంటి మనిషిని మీరు చూసుకోవడంలో తప్పేముంది, దిదిమొణీ? ఆదివారం రండి. పక్కిళ్ల సంగతులు మాత్రం అక్కడే వదిలేసి వెళ్లాలి" అన్నారు.

అలా మూడు ఆదివారాలు ఉదయం పూట వాళ్లింట్లో కూర్చున్నాం. పొడుగాటి నోటుబుక్కు, అట్ట ఎప్పుడో ఊడిపోయింది. సిరా గోధుమరంగుకు తిరిగింది. పేజీల అంచులు పురుగులు కొట్టేశాయి. అక్షరాలు ఆవగింజలంత. నాకు బెంగాలీ బాగా వచ్చు, చదువంతా అందులోనే. అయినా మొదటి పేజీలో నాలుగు వరసలు దాటలేకపోయాను. సగం మాటలు మొదటి అక్షరంతోనే ఆపేశారు ఆ పంతులుగారు. ఒక పొడి అక్షరం బంధుత్వం, ఒకటి భాష, ఒకటి పని.

పెళ్లయినవాళ్లకూ, భర్త పోయినవాళ్లకూ బెంగాలీలో మొదటి అక్షరం ఒకటే, 'బి'. మొదటివారమంతా మేం ఆ అక్షరం కనిపించిన ప్రతి ఆడమనిషినీ విధవగా చదువుకుంటూ పోయాం. ఇంత మంది మగవాళ్లు పోయారా అనుకున్నాను. తర్వాత మాస్టర్‌మొశాయ్ భూతద్దం పెట్టి చూసి, కొన్ని అక్షరాల కింద చిన్న చుక్క ఉందని కనిపెట్టారు. చుక్క ఉంటేనే విధవ.

"సగం లైనుకు మనం అన్యాయంగా బొట్టు చెరిపేశాం" అన్నారు. ఇద్దరం నవ్వుకుని మళ్లీ మొదటి నుంచి చదివాం.

తెలుగు పేర్లు ఇంకో తంటా. బెంగాలీ చెవికి వినపడినట్టు రాసినవి అవి. మన 'వ' అక్కడ 'బ' అయింది. మన 'అ' నోరు గుండ్రంగా చుట్టి 'ఒ' అయింది. 'ళ' అన్నది ఎక్కడా లేదు. మాస్టర్‌మొశాయ్‌కు వాళ్ల నాన్నగారి చేతిరాత తెలుసు. నాకు మా వాళ్ల పేర్లు తెలుసు. ఆయన ఒక్కో పేరూ పైకి చదివేవారు. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. రెండుసార్లు, మూడుసార్లు చదివించుకుంటే ఆ వంకర తిరిగిన మాటలోంచి ఎక్కడో విన్న ఇంటిపేరు ఒక్కసారిగా బయటికి వచ్చేది. మేం చిన్నప్పుడు అత్తా, మామా అని పిలిచినవాళ్ల తాతలు వాళ్లు. ఆ పెద్దాయన ఒక్క పేరుకు కూడా విసుక్కోలేదు. నేను వద్దంటున్నా ప్రతి గంటకూ లోపలికి వెళ్లి తనే టీ పెట్టుకొచ్చేవారు.

మూడో ఆదివారానికి తెలుగు లైను ఇళ్లన్నీ అయిపోయాయి. అమ్మమ్మ వయసు ఆడపిల్లలు నలుగురైదుగురు కనిపించారు. పేరు కలవలేదు. నేను బ్యాగు సర్దుకుంటున్నాను. మాస్టర్‌మొశాయ్ ఊరికే ఇంకో పేజీ తిప్పారు.

"ఇది మీ లైను కాదు. లైను చివర, కొళాయి పక్కన ఒక దర్జీ ఇల్లు. ఉర్దూ మాట్లాడేవాళ్లు" అంటూ చదవసాగారు. దర్జీ, భార్య, ఇద్దరు కొడుకులు, మూడేళ్ల కూతురు. భాష దగ్గర దర్జీకి 'ఉ' అని రాసి, కింద అందరికీ పైదే అన్న గుర్తులు పెట్టారు. ఆఖరి వరసలో ఆయన ఆగిపోయారు.

"ఇక్కడ ఏదో కొట్టేసి రాశారు. పాలిత కన్య... అంటే పెంచుకున్న పిల్ల. ఏడేళ్లు. భాష... 'తే'."

"తే అంటే?"

"తెలుగు. మీ లైనంతా ఇదే రాశారుగా."

పేరు చదవమన్నాను. చదివారు. మా అమ్మమ్మ పేరు. పుస్తకం మొత్తంలో వంకర పోకుండా, ఒత్తు కూడా తప్పకుండా రాసిన తెలుగు పేరు అదొక్కటే. ఎవరో ఆ పంతులుగారికి నిదానంగా, మళ్లీ మళ్లీ పలికి చెప్పి ఉండాలి.

మార్జిన్‌లో ఏదో సన్నగా అడ్డంగా రాసి ఉంది. దాని మీద అరగంట పట్టింది. ముందు భూతద్దంతో చూశాం. తర్వాత కిటికీ దగ్గర వెలుగులో పట్టుకున్నాం. చివరికి ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేశాం. పాతకాలపు గ్రాంథిక బెంగాలీ. "తల్లి మాట మీద తెలుగు అని వ్రాయబడినది."

"ఏ తల్లి?" అన్నాను. "కన్నతల్లి లేదు కదా."

"ఈ దర్జీ భార్యే అయి ఉండాలి" అంటూ ఆవిడ వరసలో వేలు పెట్టి చూపించారు మాస్టర్‌మొశాయ్. "పని గడిలో చూడండి. ఇంట్లో కుట్టుపని, సొంత మిషను."

ఆయన మామూలుగా చదివేశారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మిషను! మిషనమ్మ! అమ్మమ్మ ఏనాడూ అబద్ధం చెప్పలేదు. కుట్టుమిషను ఉన్న అమ్మ గురించి ఆవిడ చెబితే, మేం చర్చీల వెంట తిరిగాం.

ఇంటికెళ్లేసరికి అమ్మ వంటింట్లో పొట్లకాయ తరుగుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. కత్తిపీట పక్కకు జరిపింది.

"తురకలింట్లో పెరిగిందేటి మాయమ్మ?"

"అవునే."

"మరి నాకెందుకు సెప్పలేదు? నాను దాని కూతుర్ని కానేటి?" అంది. గొంతులో కోపం కంటే దెబ్బతిన్న బాధ ఎక్కువ వినిపించింది. మళ్లీ పొట్లకాయ చేతిలోకి తీసుకుంటూ తనే అంది. "ఎవులు సెప్పొద్దన్నారో. లైనులో పెద్దోల్లు అలాటోల్లే. మీ పెదమావయ్యకి సెప్పకు. గోల సేస్తాడు."

మూడు రోజులు ఆ మాటే ఎత్తలేదు. నాలుగో రోజు నేను బడికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మీ, ఆలింట్లో మూడేళ్ల గుంట ఉన్నాదన్నావు కదా. ఉంటే మాయమ్మ కంటే నాలుగేళ్లు సిన్న. బతికే ఉంటాదేమో. సూడు."

మాస్టర్‌మొశాయ్‌ను అడిగితే, మా బడి యూనిఫారాలు కుట్టే దర్జీని కదిపి చూడమన్నారు. ఆ దర్జీది గార్డెన్ రీచ్. అక్కడ దర్జీల ఇళ్లు వీధుల కొద్దీ ఉన్నాయి. పుస్తకంలోని దర్జీ పేరు, ఖిదిర్‌పూర్‌లో లైను చివర కొళాయి పక్క ఇల్లు అని చెప్పాను. పది రోజులకు ఆయనే ఫోన్ చేశాడు. "దిదీ, మీరన్న చిన్నకూతురు ఉంది. మా మేనత్త ఇంటి వెనకే. 'ఆపా వాళ్లు వస్తారా' అని అడుగుతోంది."

ఒక ఆదివారం నేనూ అమ్మా ఆటోలో వెళ్లాం. అమ్మ కొత్త చీర కట్టుకుంది. సన్నటి సందు, రెండంతస్తుల ఇల్లు, కింద గదిలో ఆరేడు మిషన్లు ఒకేసారి నడుస్తున్నాయి. పైన మంచం మీద తెల్లటి దుపట్టా కప్పుకున్న ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మా అమ్మను చూడగానే చెయ్యి చాపింది.

"ఆపా ముఖమే! అచ్చం ఆపా ముఖమే!"

అమ్మ నా వైపు చూసింది. "అప్ప అంటోందేటి? మన మాటే!"

మా వైపు అక్కను అప్ప అంటారు. ఉర్దూలో అక్క ఆపా. ఆవిడకు ఆ సంగతి చెబితే పళ్లు లేని నోటితో గట్టిగా నవ్వింది. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుతూ, "నేను నా భాషలో పిలిచేదాన్ని, ఆమె తన భాషలో పలికేది. మా ఇద్దరికీ అసలు తేడానే తెలియలేదు" అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పిందంతా తన తల్లి నోట విన్నదే. అమ్మమ్మ తండ్రి ఓడలో సరుకు దించుతూ పడి చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలకే తల్లికి కలరా తగిలింది. లైనులో అందరూ భయపడి దూరం జరిగితే, చివరింటి దర్జీ భార్య నీళ్లు తాగించడానికి వెళ్లింది. ఆ తల్లి పిల్లను చూపిస్తూ ఒకే మాట పదేపదే చెప్పింది. దర్జీ భార్యకు అర్థం కాలేదు. తల ఊపింది. తెల్లారేసరికి ఆ తల్లి పోయింది.

"అమ్మీ ఆ చప్పుడును మరిచిపోకుండా మనసులో అనుకుంటూనే ఉందట" అంది ముసలావిడ, తల్లిని అమ్మీ అనీ తండ్రిని అబ్బా అనీ అంటూ. "పిల్లను ఇంటికి తెచ్చుకుంది. పిలిస్తే పలకదు. అరిస్తే ఉలిక్కిపడుతుంది. మొండిపిల్ల అనుకున్నారు అబ్బా. వారం తర్వాత అమ్మీ మీ లైనుకు పోయి, నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్ల ముందు ఆ చప్పుడు అలాగే అనేసింది. ఎడం సెబి, ఎడం సెబి."

మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎడం సెవి" అంది నెమ్మదిగా. "ఎడం సెవి ఇనపడదు. కుడిపక్కన మాటాడండి... అదేనా సెప్పింది?"

అదే. చనిపోతూ ఆ తల్లి ఇంకేమీ కోరలేదు. పిల్లకు ఎడమ చెవి వినపడదని, ఎవరు పెంచినా కుడి పక్క నుంచి పిలవమని చెప్పుకుంది. లైను ఆడవాళ్లు అర్థం చెప్పాక దర్జీ భార్య అక్కడే కూలబడి ఏడ్చిందట. అంతవరకూ మొండిదని పిల్లను కసిరినందుకు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరూ పిల్లకు కుడివైపుకు వచ్చే మాట్లాడారు.

"ఆ రోజే అమ్మీ అంది. దీని తల్లి మాట నాకు అర్థం కాలేదు, దీనికైనా అర్థం కావాలి, దీని భాష దీనికి ఉండాలి అని. రోజూ సాయంత్రం ఆపాను మీ లైనులో దిగబెట్టేది, ఆ ఆడవాళ్ల దగ్గర. వాళ్లు వంటలు చేసుకుంటూ కబుర్లు చెప్పేవాళ్లు. దీపాలు పెట్టే వేళకు మళ్లీ తెచ్చుకునేది. లెక్కల పంతులు వచ్చినప్పుడు అబ్బా అందరికీ ఉర్దూ అని రాయించారు. పరదా వెనక నుంచి అమ్మీ ఒప్పుకోలేదు. ఆ పిల్లది తెలుగు, అలాగే రాయండి అంది. పిల్ల పేరు కూడా మీ వాళ్లు పలికినట్టే పలికి చెప్పింది. పంతులు కోపం తెచ్చుకున్నాడట. చివరికి రాశాడు."

పదహారేళ్లప్పుడు లైను పెద్దలతో మాట్లాడి, తెలుగు కుర్రవాడికే ఇచ్చి పెళ్లి చేసింది కూడా ఆవిడే. పెద్దలు ఒక షరతు పెట్టారు. పిల్ల ఎక్కడ పెరిగిందో బయటికి రాకూడదు. దర్జీ భార్య ఒప్పుకుంది. పెళ్లికి దూరంగా కొళాయి దగ్గర నిలబడి చూసింది.

"మరి మాయమ్మ మల్లీ రాలేదేటి?" అంది అమ్మ. నేను ఆ మాట హిందీలో అడిగాను.

"రాకపోవడమేమిటి? నెలకోసారి వచ్చేది. అమ్మీ పోయేదాకా వచ్చింది. చెవికి మందు తెచ్చుకోవాలని ఇంట్లో చెప్పి వచ్చేది."

అమ్మ పెద్దగా నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నిజమే! సెవి మందుకని ఎల్లేది! నానే సంచీ అందించేదాన్ని. ఎన్నేల్లు ఎల్లినా ఆ సెవి బాగవలేదు, ఆ డాక్టరు దొంగోడని మా అయ్య తిట్టేవోడు!"

దర్జీ భార్య పోయాక ఆ కుటుంబం ఖిదిర్‌పూర్ ఇల్లు వదిలి ఇటు వచ్చేసింది. అన్నదమ్ములు చెదిరిపోయారు. ఈవిడ పెళ్లై హౌరాలో చాలా ఏళ్లు ఉండి వచ్చింది. అలా జాడ తెగిపోయింది. కుట్టుమిషను ఏమైందని అడిగాను. పాత ఇనపసామానుకు ఎప్పుడో వేసేశారట. అమ్మమ్మ కన్నతల్లి పేరు మాత్రం ఆవిడకూ తెలియదు. వాళ్లింట్లో ఎప్పుడూ 'ఆపా వాళ్లమ్మ' అనే అనుకున్నారు. పేరు దొరకలేదని అమ్మ బాధపడుతుందేమో అనుకున్నాను. ఆటోలో తిరిగి వస్తూ, "పేరు తెలకపోతే పోనీ. ఏటి సెప్పి పోయిందో తెలిసింది కదా" అంది.

మర్నాడు మాస్టర్‌మొశాయ్‌కు ఇదంతా చెప్పాను. ఆయన నోటుబుక్కు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. వాళ్ల నాన్నగారు ఇంట్లో ఎవరి మాటా వినే మనిషి కాదట. ఆయనంటే పిల్లలకు హడలట. "పరదా వెనకున్న ఒకామె మాట విని, రాసింది కొట్టేసి, ఎందుకు కొట్టేశారో కూడా రాశారు. ఇలాంటి మనిషని నాకు తెలియదు" అని, తిరిగి నాకే కృతజ్ఞతలు చెప్పారు. నాకు సిగ్గేసింది. ఆయన చదివి పెట్టకపోతే నేను మొదటి పేజీ దాటేదాన్ని కాదు. ఆ దర్జీ భార్యకు చెప్పుకోవలసినది చెప్పుకునే దారి లేదు. కొళాయి దగ్గర అనాథపిల్లకు రోజూ మాటలు నేర్పిన ఆడవాళ్లెవరో కూడా తెలియదు. మా అమ్మకు అమ్మమ్మ నుంచి, నాకు అమ్మ నుంచి వచ్చిన తెలుగు అంతా వాళ్లు పెట్టిందే. ఇది రాస్తున్నప్పుడు వాళ్లందరూ నా ముందు కూర్చున్నట్టే ఉంది.

ఇప్పుడు అమ్మ ప్రతి నెలా మొదటి ఆదివారం గార్డెన్ రీచ్ వెళ్తుంది. ఆవిడను పిన్నీ అని పిలుస్తుంది. ఈమె తెలుగులో, ఆవిడ తన హిందీలో మాట్లాడుకుంటారు. మొదట్లో అటూ ఇటూ చెప్పేదాన్ని. ఇప్పుడు నా అవసరం లేదు.

పెదమావయ్యకు విషయం మరో బంధువు ద్వారా తెలిసింది. అమ్మ అనుకున్నట్టు గోల చేయలేదు. ఫోన్ చేయడం మానేశాడు. రెండు నెలలు అలాగే గడిచాయి. తర్వాత ఒక ఆదివారం పదకొండింటికే, బయట ఎక్కడా తినే పని పడకుండా ఇంట్లో టిఫినూ భోజనమూ ముగించుకుని మరీ మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ. "ఎప్పుడెల్తున్నారు?" అన్నాడు, ఎటు అని చెప్పకుండానే.

ముగ్గురం వెళ్లాం. మావయ్య గడప దగ్గరే నిలబడిపోయాడు. ఆ ముసలావిడ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఎవరని అడగలేదు. చేత్తో మంచం మీద చోటు చూపించి, "భోజనం చేశావా, నాయనా?" అంది.

అరవై దాటిన మా మావయ్య వెళ్లి ఆ చోట్లో కూర్చున్నాడు.

"లేదమ్మా" అన్నాడు.